కట్టినవాడే ముందు తొక్కాలి

మా మేనమామ మేస్త్రీ. సరుగుడు గుంజలు నిలబెట్టి, అడ్డకర్రలు కొబ్బరితాడుతో బిగించి పరంజా కట్టడం నాకు నేర్పింది ఆయనే. ఆయన దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. రోజూ పొద్దున్న తాపీవాళ్లు ఎక్కకముందే, కట్టినవాడు చెప్పులు విప్పి పరంజా మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి, ప్రతి ముడినీ చేత్తో తడిమి చూడాలి. "కట్టినోడే ముందు తొక్కాల. పడితే ఆడే పడాల" అనేవాడు. నాకది వేదవాక్కు.

అరవైల చివర్లో అరసవల్లిలో ఒక మేడ కడుతున్నాం. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టేసుకున్న ఇంటాయన రోజూ వచ్చి మావ నెత్తిన కూర్చునేవాడు. ఒకరోజు పొద్దున్న నేను చెప్పులు విప్పుతుంటే మావ ఆపాడు. పరంజా తను తొక్కి చూశానని, నన్ను సున్నం గానుగ దగ్గరకు పొమ్మని అన్నాడు. నేర్పినవాడే చూశానంటే ఇక నేను చూసేదేముంది? వెళ్లాను.

తట్టలో సున్నం పోసుకుంటుండగానే కేక వినిపించింది. పరుగెత్తుకొచ్చేసరికి మాతోనే తాపీపని చేసే మా అక్క మొగుడు, నా సొంత బావ, ఇటుకల కుప్ప మీద పడి ఉన్నాడు. పైన అడ్డకర్ర ఒక పక్క వేలాడుతోంది. తాడు తెగలేదు, ముడి జారలేదు, అక్కడ అసలు తాడే లేదు. ముందు రోజు సాయంత్రం నేను వెళ్లిపోయాక మావ దాన్ని విప్పి వసారా గుంజలకు కట్టించాడని, తర్వాత మరిచిపోయాడని ఒక కూలీ ఆవిడ నాతో చెప్పింది. పని పోతుందన్న భయంతో ఆవిడ ఇంకెవరికీ చెప్పలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటే ఇదే.

బావ నడుం పోయింది. మళ్లీ తాపీ పట్టలేదు. మావ ఆయన మంచం పక్కన కూర్చుని మా అక్కతో, "నీ తమ్ముడి ముడి జారిపోనాది. ఆడ్నేటీ అనకు" అన్నాడు. గొంతు కోసి, పైగా మందు రాస్తున్నాడు. నేను ఉన్నదంతా చెప్పాను. తండ్రిలా పెంచిన మావ అబద్ధమాడడని అక్క అంది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నాకు మంచినీళ్లు ఇచ్చినవాళ్లు లేరు.

నెల తిరక్కుండా మావ మా గుమ్మంలోకొచ్చాడు. విజయనగరంలో ఒక మిల్లుకి ఎత్తు గోడ లేపుతున్నారట, పై వరస తనే కట్టాలట.

"ఇంకోడు కడితే నానెక్కను. నువ్వే కట్టాల, నువ్వే తొక్కాల" అన్నాడు.

నా ముడి జారిందన్నవాడివి ఎలా ఎక్కుతావని అడిగాను.

"నీ ముడి జారదురా. నాకు తెల్దేటి?"

"ఆ మాట మా అక్కకి సెప్పు, వస్తాను."

కండువా భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. అక్క దగ్గరకు పోలేదు. విజయనగరంలో పరంజా ఇంకెవరో కట్టారు. మావ దాని మీద కాలు పెట్టలేదని, పై వరసకు వేరే తాపీవాణ్ణి ఎక్కించాడని తర్వాత విన్నాను.