మడత గీతలు

నునుపైన పక్కను చూస్తే మరకలక్కకు ఒళ్ళు మండుతుంది. హోటల్ గది తలుపు తీయగానే, గాలి లేని చెరువులా పరుచుకుని ఉన్న తెల్లటి దుప్పటిని చూసి అందరూ హమ్మయ్య అనుకుంటారు. ఆమె మాత్రం పెదవి విరుస్తుంది. లాండ్రీ నుంచి వచ్చిన దుప్పటికి మడత గీతలుంటాయి. మంచం మీద ఎంత లాగి పరిచినా అవి పోవు, విప్పిన ఉత్తరం మీద గీతల్లా నిలబడే ఉంటాయి. ఒక్క గీత కూడా లేదంటే ఆ దుప్పటి మంచం దిగలేదన్నమాట. నిన్నటి మనిషి లేచి వెళ్ళాక నాలుగు చుక్కలు నీళ్ళు చిలకరించి, మంచం మీదే ఇస్త్రీ పెట్టె తిప్పి, పైన కాస్త సెంటు కొట్టారన్నమాట.

ఇది ఆమెకు ఎవరో చెప్పిన సంగతి కాదు. తమ ఊళ్ళోని హోటల్లో, మెట్ల కింద ఆవిరి గదిలో ముప్ఫై ఒక్కేళ్ళు ఆమె దుప్పట్లు ఉతికింది. రద్దీ రోజుల్లో మేనేజరు “పైపైన కానిచ్చేయ్” అంటే పెట్టె పట్టుకుని మేడ మీదికీ వెళ్ళింది. హోటల్‌కు వచ్చినవాళ్ళ మొహాలు ఆమెకు గుర్తులేవు. వాళ్ళు వదిలివెళ్ళినవే గుర్తు: దిండు మీద తలనూనె చంద్రవంకలు, బూట్లు తుడిచి మూల పడేసిన తువ్వాళ్ళు, దుప్పటి అంచుకు పూసిన చీమిడి. ఎంత చిన్న మచ్చనైనా పట్టేస్తుందని తోటివాళ్ళు మరకలక్క అని పేరు పెట్టారు. అంతకాలం మనుషుల్ని వెనకవైపు నుంచి చూశాక ఎవరి మీదా గౌరవం మిగలడం కష్టం.

రెండేళ్ళ క్రితం చెల్లెలి ఎడమ కంటికి ఆ ఊళ్ళోనే ఆపరేషన్ చేయించారు. మరకలక్క ఇంటికి అప్పుడు సున్నం వేస్తున్నారని, ఆమే తను పనిచేసే హోటల్లో గది ఇప్పించింది. చెల్లెల్ని పడుకోబెట్టేముందు పక్క వంక చూసింది. నున్నగా ఉంది. మార్చాలి అనుకుంది. ఈలోగా కింది నుంచి మేనేజరు కేకేశాడు, వెళ్ళింది, పనిలో పడి తెల్లారేదాకా మరిచిపోయింది. అయిదో రోజుకి కంటికి చీము పట్టింది. నెల తిరక్కుండా చూపు పోయింది. చెయ్యి కావచ్చు, నీళ్ళు కావచ్చు, గుడ్డ కావచ్చు, చెప్పలేమన్నాడు డాక్టరు. ఆ నునుపు సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. కాళ్ళ నొప్పులని చెప్పి ఉద్యోగం మానేసింది.

ఇప్పుడు కుడి కన్ను. మిగిలింది అదొక్కటే. రేపు పొద్దున్నే మహానగరంలోని పెద్దాసుపత్రిలో ఆపరేషన్. ఆ తర్వాత పది రోజులు దగ్గర్లోనే గది తీసుకుని ఉండి రోజూ చూపించుకోవాలి. చెల్లెలు ఆసుపత్రి హాల్లో సంచుల మధ్య కూర్చుని, “మీరిద్దరూ బయటే కొట్టుకుని, తేల్చుకుని రండి” అని అక్కనూ మొగుణ్ణీ కలిపి పంపేసింది.

మరిది సోఫాల షాపులో సేల్స్‌మన్. పైగుడ్డ మెరుస్తుంటే లోపలి చెక్క ఎవడు చూస్తాడన్నదే ఇరవై ఏళ్ళలో అతను నేర్చుకున్న జ్ఞానం. ఫోన్‌లో నక్షత్రాలు లెక్కపెట్టి ఒక హోటల్‌ను ముందే ఖాయం చేసుకున్నాడు. లాబీలోకి వెళ్ళగానే సోఫాలో కూలబడి, రెండుసార్లు ఎగిరి చూశాడు.

“అసలు తోలు వదినగారూ. ఎలా లేపుతోందో చూడండి.”

“మీ ఆవిడ సోఫాలో పడుకుంటుందా?”

“అబ్బే, అది కాదండీ. సోఫాకే ఇంత పెట్టినవాడు మంచానికి ఎంత పెట్టుంటాడని.”

“మీ షాపులో ముందు పెట్టే సోఫా, ఇంటికి పంపే సోఫా ఒకటేనా మరిదిగారూ?”

అతను ఫోన్ చూపించాడు. “నాలుగొందల మంది మెచ్చుకున్నారండీ దీన్ని.”

“పడుకోక ముందా, లేచాకా?”

పెదాలకు గంజి పెట్టుకున్నట్టు నవ్వుతూ కౌంటర్ మనిషి వాళ్ళను పైకి తీసుకెళ్ళాడు. గది నిండా పూల సెంటు. పక్క అద్దంలా ఉంది. మరిది ఆనందంగా తల ఊపాడు. ఆమె దిండు ఎత్తి, గలేబు సగం ఊడదీసి, లోపలి వైపు కిటికీ వెలుగుకు పెట్టింది. పచ్చటి మచ్చ, మధ్యలో ఎవరిదో పొడుగాటి వెంట్రుక.

“ఈ వాసనెందుకు బాబూ?”

“కస్టమర్లకు ఇష్టమండీ.”

“ఉతికిన గుడ్డకు వాసనుండదు. దాచాల్సింది ఉన్నప్పుడే వాసన కొడతారు.”

“మీకైతే ఇప్పుడే మార్పిస్తాం మేడమ్.”

“ముందు నిన్నటివాళ్ళకు, మీకు మార్చలేదని ఉత్తరం రాసి, అప్పుడు మార్పించు” అని ఆమె మెట్లు దిగిపోయింది. మరిది సోఫా వంక పుట్టింటిని వదిలి వెళుతున్నట్టు చూసుకుంటూ వెనకే దిగాడు.

సాయంత్రం దాకా అయిదు హోటళ్ళు తూర్పారబట్టింది. ఒకచోట గోడకు సముద్రం బొమ్మ ఉంది, స్నానాల గదిలో నీళ్ళు లేవు. ఇంకోచోట తువ్వాలును హంసలా మడిచి మంచం మీద కూర్చోబెట్టారు. ఆమె హంసను మెడ పట్టుకుని విప్పితే రెక్క కింద లిప్‌స్టిక్ మరక. మూడోచోట దుప్పటికి మడత గీతలున్నాయి గాని, పరుపు ఎత్తితే కింద నల్లుల లోకం వేరే ఉంది. నగరమంతా ఆమెకు ఒకే పెద్ద పక్కలా కనిపించింది. పైన దీపాలు, అద్దాలు, నున్నటి రోడ్లు. అంచు పట్టుకుని ఎత్తి చూసే దిక్కు లేదు.

“మీకు నచ్చే హోటల్ భూమ్మీద లేదండీ. ఆపరేషన్ రేపు. వచ్చే ఏడాది కాదు” అన్నాడు మరిది, చెప్పులోంచి రాయి తీసుకుంటూ.

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. నిజంగానే పొద్దు వాలిపోయింది.

ఆసుపత్రి వెనక సందులో, గదులు అద్దెకిచ్చే, రంగు వెలిసిన రెండంతస్తుల మేడ ఒకటి ఉంది. సోఫా లేదు. నాలుగు ప్లాస్టిక్ కుర్చీలున్నాయి, వాటిలో ఒకదానికి చెయ్యి లేదు. మరిది గుమ్మం దగ్గరే మొహం మాడ్చుకుని నిలబడిపోయాడు. ఆమె పైకి వెళ్ళింది.

చిన్న గది. మంచం మీద దుప్పటి, దాని మీద నిలువుగా అడ్డంగా గీతలు. అక్కడక్కడ బొటనవేలంత అతుకులు, చీమల బారులాంటి కుట్టు. ఉడకబెట్టి ఉడకబెట్టి దారం కూడా తెల్లబడింది. వంగి వాసన చూసింది. ఏమీ లేదు. దిండు మీద చెయ్యి వేసింది.

“తీయండి చెయ్యి.”

గుమ్మంలో ఒకావిడ, చంకలో దుప్పట్ల కట్టతో. ఆ మేడలో దుప్పట్ల బాధ్యత ఆవిడది. ఎముకల పోగులా ఉంది, చూపు మాత్రం సూది.

“వీధంతా పట్టుకుని తిరిగిన చెయ్యి కదా అది. ఇప్పుడా గలేబు మళ్ళీ ఉడకబెట్టాలి నేను.”

మరకలక్క చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆమెను అలా చూసినవాళ్ళు ఇంతవరకూ లేరు. అవమానం కింద ఎక్కడో చల్లగా అనిపించింది.

“కంటి ఆపరేషన్ మనిషి కోసం” అంది. “అందుకే చూస్తున్నా.”

“మీరూ ఈ పనిలోనేనా?”

“ముప్ఫై ఒక్కేళ్ళు.”

“మంచం మీద ఇస్త్రీ పెట్టె తిప్పారా ఎప్పుడైనా?”

డాక్టరు అడగలేదు. చెల్లెలు అడగలేదు. రెండేళ్ళుగా రాత్రింబవళ్ళు ఆమె వినాలని, వినకూడదని ఎదురుచూసిన ప్రశ్నను దుప్పట్లు మోసుకునే ఈ మనిషి మంచినీళ్ళు అడిగినంత మామూలుగా అడిగింది.

“తిప్పాను.”

ఆవిడ ఆమెను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. హంస రెక్క కింద మరకను మరకలక్క చూసిన చూపే అది.

“అనుకున్నా” అంది. “మీ సంచుల్లోని గుడ్డలేవీ మంచం మీదికి రాకూడదు. తువ్వాళ్ళు నేనిస్తా. మందు వేసే ముందు చేతులు మోచేతుల దాకా కడగాలి. ఒప్పుకుంటే తాళం తీసుకోండి, లేదంటే నా గది నాకు వదిలేయండి.”

ఒప్పుకుంది. ఆ రోజంతా ఎవరి మాటకూ తల వంచని మనిషి, కిందికెళ్ళి చేతులు కడుక్కుని వచ్చి మరీ తాళం తీసుకుంది.

“ఇలాంటి కొంపలో నా పెళ్ళాన్ని ఉంచనండీ” అని మరిది రుసరుసలాడి, ఉంచి, తను మాత్రం సోఫాల హోటల్‌కే వెళ్ళాడు. మూడో రోజు వీపు గోక్కుంటూ తిరిగొచ్చాడు. కింద చెయ్యి లేని కుర్చీలో కూర్చుని, దానికి కొత్త చెయ్యి ఎలా బిగించాలో వచ్చేపోయేవాళ్ళకు చెబుతూ గడిపాడు.

పది రోజులు. పొద్దున్నే ఆవిడ దుప్పటి మార్చేది. ఒక అంచు ఆవిడ, ఇంకో అంచు మరకలక్క పట్టుకునేవారు. మధ్యలో తెల్లటి గుడ్డ గాలికి ఒకసారి ఉబ్బి కూర్చునేది. ఒకరి మూల మడత ఒకరు చూసి ముక్కు విరిచి, విప్పి మళ్ళీ మడిచేవారు.

నాలుగో రాత్రి చీకట్లో మరకలక్క చెల్లెలికి అంతా చెప్పింది. నున్నటి పక్క సంగతి, మేనేజరు కేక, మరుపు. కట్టు కింద చెల్లెలి మొహంలో ఏముందో కనబడలేదు. “ఈ కన్ను కూడా పోతే అప్పుడు తిడతాను. ఇప్పుడు పడుకోనీ” అంది.

పదో రోజున డాక్టరు కట్టు పూర్తిగా తీసేశాడు. కన్ను శుభ్రంగా ఉందన్నాడు. గదికి తిరిగొచ్చాక చెల్లెలు మంచం అంచున కూర్చుని, ఎండలో నీళ్ళు కారే కంటితో మెల్లగా అన్నీ చూసింది. మొగుడి గుండీ ఊడిన చొక్కా చూసింది. అక్క నెరిసిన జుట్టు చూసింది. దుప్పట్లావిడ అప్పుడే కొత్త గలేబుతో లోపలికి వచ్చి నిలబడింది. చెల్లెలి చూపు కిటికీ దగ్గర ఆగింది.

“ఆ చువ్వ వెనక సాలెగూడేంటే అక్కా?” అంది. “ఇద్దరు మహాతల్లులుండి పది రోజులుగా అది చూసుకోలేదా మీరు?”

మరిది పకపకా నవ్వాడు. మరకలక్క, దుప్పట్లావిడ ఒకేసారి కిటికీ దగ్గరికి వెళ్ళారు. చువ్వ వెనక, వేలెడంత గూడు నిజంగానే ఉంది.

“ఇది మీ వైపు” అంది దుప్పట్లావిడ.

మరకలక్క తడిగుడ్డ కోసం చెయ్యి చాచింది. గూడు తుడుస్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి, ఇంకా ఏం తప్పులు దొరుకుతాయా అని గదంతా వెతుకుతున్న ఆ ఒంటికన్ను వంక చూసింది.