పుర్రె లేని మంత్రదండం

మొన్నొక మధ్యాహ్నం బిలాస్‌పూర్ నెహ్రూ నగర్‌లోని మా అబ్బాయి ఇంట్లో మనవడు ఏదో ఇంగ్లీషు మాంత్రికుల సినిమాను హిందీ మాటలతో చూస్తున్నాడు. తెరమీద మాంత్రికుడు చేతికర్ర పైకెత్తగానే దాని కొసన నీలం వెలుగు పుట్టింది, కోట తలుపులు ఊడి కిందపడ్డాయి. "నానమ్మా, ఆ డండాలో ఇంత పవర్ కహాఁ సే ఆతా హై?" అని అడిగాడు వాడు, తల నా వైపు తిప్పకుండానే. ఆ కర్రకు అంత శక్తి ఎక్కణ్ణుంచి వస్తుందన్న ప్రశ్నే ఒకప్పుడు మా వరండాలో నా పరువు మీదికి తెచ్చింది.

ఎనభైల్లో నేను శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి కోడలిగా బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లకు వచ్చేనాటికి నా చదువు ఏడో తరగతితో ఆగిపోయి ఉంది. మిగతాదంతా రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో ఓ మూలనున్న తెలుగు బీరువా పెట్టిన భిక్షే. మావారు షెడ్డు డ్యూటీ నుంచి వస్తూ ఒక పుస్తకం తెచ్చేవారు, వెళుతూ ఇంకొకటి పట్టుకుపోయేవారు. పురాణమా, వైద్యమా, డిటెక్టివ్ నవలా అన్న భేదం లేకుండా ఆ బీరువాను పై అర నుంచి కింది అర దాకా చదివేశానని ఈనాటికీ కాస్త గర్వంగానే చెప్పుకుంటాను.

మగవాళ్లు డ్యూటీలకు పోయాక, అన్నాలయ్యాక, మా అత్తగారు వరండాలో చాప పరిచేది. చుట్టుపక్కల ఆడవాళ్లు చేరేవారు, నేను పైకి చదివేదాన్ని. అత్తగారికి చదువు రాదు. పక్క క్వార్టర్‌లోని గార్డుగారి భార్యను వదిన అనేదాన్ని, ఆమె ఇక్కడే పుట్టి హిందీ బడిలో చదువుకున్న మనిషి. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ అక్షరం పోల్చలేదు. తక్కినవాళ్లదీ అటో ఇటో అదే సంగతి. ఆ చాప మీద తెలుగు చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నే.

ఒక వేసవిలో నేను చదివింది ఒక మాంత్రికుడి కథ. అందులో వాడి దండం మామూలు కర్ర, చెయ్యి పట్టేచోట అరిగి నున్నబడ్డది, అంతే. దానితో తాకితే మనుషులు రాళ్లవుతారు. కాని తాకిన ప్రతిసారీ వాడు తనవాళ్లలో ఒకరి పేరు మరిచిపోతాడు. చివరికి కన్నతల్లి ఎదురొస్తే ఎవరో ముసలిదనుకుని ఆమెనే రాయి చేస్తాడు. అక్కడికొచ్చేసరికి అత్తగారు కొంగుతో కళ్లొత్తుకుంది.

ఆ కథనే తీసిన సినిమా కొన్నాళ్లకు మా ఊళ్లో ఆదివారం మార్నింగ్ షోకి వచ్చింది. వరండా వరండా అంతా రిక్షాలెక్కి వెళ్లాం. మీలో ఆనాటి జానపద సినిమాలు చూసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు: దండం కొసన పుర్రె, పుర్రె కళ్లలో ఎర్ర దీపాలు, విసిరితే పాము, ఊపితే మంట. మరిచిపోవడం ఊసే లేదు. హీరో దండం విరిచేయగానే రాళ్లన్నీ మనుషులై లేచి పాట అందుకున్నాయి.

బయటికొస్తూనే వదిన మొదలెట్టింది. "ఏటమ్మా, నువ్వు సదివిన కర్రకి పుర్రె నేదు, పాము నేదు. అంత ఖర్సుపెట్టి తీసినోడికి నీకంటే తెలీదేటి?"

పుస్తకంలో అలాగే ఉందన్నాను.

"అచ్ఛా! పుస్తకం నీ సేతిలో, సదువు నీ నోట్లో. నువ్వేటి సెప్తే అదే రాసుందని మేం నమ్మాల."

రిక్షాలో అత్తగారు నెమ్మదిగా, "ఇన్నాళ్లూ సదివినవన్నీ నీ సొంతంగా అల్లీసినవేటే?" అంది. మర్నాడు చాప పరవలేదు.

మావారి చేత పుస్తకం మళ్లీ తెప్పించి ఆ పేజీ చూపించాను. అందరూ వంగి చూశారు, నల్లగా ఉందన్నారు. చూపించి ఏం లాభం? చదివి అవునో కాదో చెప్పగలిగినవాళ్లు వాళ్లలో ఎవరు?

నిజానికి తప్పు ఎవరిదీ కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. యోగదండం జపం చేసేటప్పుడు చెయ్యి ఆనించుకోవడానికని ఆ బీరువాలోనే ఏదో పుస్తకంలో ఉంది. మహిమ మంత్రానిది, కర్రది కాదు. కాని నోట్లో గొణిగే మంత్రం తెరమీద కనబడదు కదా, అందుకని సినిమావాళ్లు మహిమను నాలుక మీంచి తీసి కర్రకు తగిలించారు. ఈ సంగతి వరండాలో చెబితే వినేవాళ్లెవరు అప్పుడు?

వదిన మాత్రం ఊరుకునే మనిషి కాదు. "నాకు అచ్చరాలు నేర్పు, నానే సూసి తేలుస్తాను" అంది. నా అబద్ధం పట్టుకోవాలన్న పంతంతోనే, పిల్లల పలక మీద హిందీ అక్షరం కింద తెలుగు అక్షరం రాసుకుంటూ నేర్చుకుంది. గుణింతాలు గబగబా వచ్చేశాయి. ఒత్తుల దగ్గర నన్నూ, వాటిని కనిపెట్టినవాణ్ణీ కలిపి తిట్టింది. వానలు పడేనాటికి అందరినీ పిలిచి, పుస్తకం నా చేతికివ్వకుండా తనే తెరిచి, వేలు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివింది. కర్ర దగ్గర ఆగింది. పేజీ తిప్పింది, మళ్లీ వెనక్కి తిప్పింది.

"పుర్రె నేదు," అంది. "సినిమావోడే కోతలు కోసీసేడు."

"మరి నా కోడలు అబద్దమాడుద్దేటి?" అంది అత్తగారు, ఏనాడూ అనుమానమే రానట్టు. చాప మళ్లీ పడింది.

అయితే ఆ చాప మీద వదిన ఎక్కువ రోజులు కూర్చోలేదు. నేను చదివే వేగం తనకు చాలడం లేదంది. తన గుమ్మంలోనే గోడకు చేరగిలబడి, పెదాలు కదుపుతూ, తన పుస్తకం తను చదువుకునేది. నాకు కావలసిన పుస్తకం బీరువాలో లేదంటే అది వాళ్లింట్లో ఉందనే లెక్క.

ఆ వదిన ఇప్పుడు లేదు. ఆ బీరువా ఏమైందో తెలియదు. మనవడికి మాత్రం జవాబు చెప్పాను: నేను చదివిన కథలో కర్రకు వెలుగూ లేదు, మంటా లేదు, అది మామూలు కర్రేనని. "అచ్ఛా," అన్నాడు వాడు, మళ్లీ తెర వైపు చూస్తూ. తెలుగు అక్షరం ఒక్కటీ రాని వాడు, అలా రాసి ఉందో లేదో అడగలేదు. చెప్పిన వెంటనే నమ్మేశాడు. వదినలా ఒక్కసారి నన్ను అనుమానించి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.