ట్రేలో మిగిలిన మేత

మా బావ పోయాడన్న కబురు నాకు ఫోన్‌లో వచ్చింది. కోవూరులో పాఠాలు చెప్పే బడికి బయలుదేరుతూ చెప్పులేసుకుంటున్నాను. చేసినాయన అల్లూరు వైపు రొయ్యల గుంటలున్న రైతు. అక్కకు చెప్పే ధైర్యం చాలక నా నంబరు సంపాదించి నాకు చేశాడు.

"అమ్మా, సారు మా కట్ట మీద కూర్చోనుండాడు. తల వంచుకోనుంటే ఫోన్ చూసుకుంటా ఉండాడనుకున్నాం. టీ తెచ్చి పక్కన పెట్టి నా పని నేను చూసుకుంటా ఉండా. టీ చల్లారిపోయినా తల ఎత్తలేదమ్మా" అన్నాడు.

ఆ మాట నన్ను ఇప్పటికీ నిలవనివ్వడం లేదు. ప్రాణం పోయిన మనిషికీ, పనిలో ఉన్న మనిషికీ తేడా తెలియలేదు ఎవరికీ. రైతును నేను ఒక్క మాట కూడా అనను. ఆయనేం చేస్తాడు? రోజూ బావను అలాగే చూశాడు. మనిషిని ఆ స్థితికి తెచ్చినవాళ్ళ మీద నా కోపం. పోయినవాళ్ళ గురించి మంచి మాటలు రాయాలంటారు. రాస్తాను. బావ గురించి చెడ్డ మాట రాయాలన్నా నా దగ్గర లేదు. కానీ కోపం కడుపులో దాచుకుని రాయడం నాకు చేతకాదు.

బావ రొయ్యల మేత అమ్మే కంపెనీలో టెక్నీషియన్. పొద్దున్నే బండి మీద గుంటల వెంట తిరగాలి. నీళ్ళు పరీక్ష చేయాలి, రొయ్య ఎలా ఉందో చూడాలి, ఎంత మేత వేయాలో, ఎప్పుడు ఆపాలో రైతుకు చెప్పాలి. మా వైపు రైతులు ఇంట్లో పెద్దవాళ్ళ మాట వినకపోయినా టెక్నీషియన్ మాట వింటారు. విన్నాక పంట పోతే ఆ టెక్నీషియన్‌నే తిడతారు. "తిట్టే రైతు మంచోడే మే. తిట్టకుండా గమ్మునుండేవోడిని చూస్తేనే నాకు భయం" అనేవాడు బావ నాతో.

ఊరికే అనలేదు. నాకు ఫోన్ చేసిన ఈ రైతు గుంటే ఒకసారి మొత్తం పోయింది. తెల్లారేసరికి రొయ్య అంతా కట్ట వెంబడి తేలిపోయిందట. ఆయన ఎవర్నీ తిట్టకుండా నీళ్ళ వైపు చూస్తూ కూర్చుంటే, బావ మిగతా గుంటలన్నీ మానుకుని ఆయన పక్కనే కూర్చున్నాడు. ఏం మాట్లాడావు బావా అని తర్వాత అడిగాను. "ఏముంది మాట్లాడేదానికి? ఆయన పెళ్ళాం వచ్చిందాకా కూర్చోనున్నా" అన్నాడు. అప్పటి నుంచీ బావ వస్తే ఆ రైతు తనే టీ తెచ్చి ఇస్తాడు.

పెళ్ళయిన కొత్తల్లో బావ మధ్యాహ్నం ఇంటికొచ్చి, బూట్లు బయట విప్పి, కాళ్ళు కడుక్కుని, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. చేపల పులుసు ఉంటే తలకాయ ఆయనదే. ఆ తలకాయతో ఆయన కుస్తీ ఒక పట్టాన తెమిలేది కాదు.

"ఏం బావా, దానిక్కూడా నీళ్ళ పరీక్ష చేస్తా ఉండావా?" అని నేను ఏడిపించేదాన్ని.

"నువ్వు నోరు మూసుకోని, ముల్లు చూసుకోని తిను. మీ అక్క చేసిన పులుసు తొందరపడి తింటే పాపం తగల్తాది" అనేవాడు.

బావ తింటున్నంతసేపూ ఫోన్ అక్క దగ్గరుండేది. మోగితే అక్క తీసి ఒకే మాట చెప్పేది. "సారు అన్నం తింటా ఉండాడు. కాసేపాగి చేయండన్నా." అవతల ఎంత కంగారులో ఉన్న రైతైనా "అట్నేమ్మా, తిననీ, తిననీ" అని పెట్టేసేవాడు. అన్నం ముందు కూర్చున్న మనిషిని లేపకూడదన్న మర్యాద మా వైపు అందరికీ ఉంది. అది లేనివాళ్ళు తర్వాత వచ్చారు.

గుంటల దగ్గర చెక్ ట్రే అని ఒకటి ఉంటుంది. వలగుడ్డ బిగించిన పళ్ళెం లాంటిది. అందులో కాస్త మేత పెట్టి నీళ్ళలోకి దించి, కొంతసేపయ్యాక పైకి లాగి చూస్తారు. మేత అయిపోతే రొయ్య బాగున్నట్టు. మిగిలితే ఏదో తేడా ఉన్నట్టు. మిగిలినప్పుడు కొందరు రైతులు కంగారుపడి మేత మార్చమంటారు, మందు చల్లమంటారు. బావ ఒప్పుకునేవాడు కాదు. "రొయ్య తిండి మానేస్తే రొయ్యనేం చేయబాకండి. ముందు నీళ్ళు చూడండి" అనేవాడు. గాలి సరిపోతోందా, అడుగున బురద చేరిందా, గుంట మోయలేనంత రొయ్యపిల్ల వేశారా, అవి చూడమనేవాడు.

అమావాస్యకూ పున్నానికీ మరీ జాగ్రత్త. ఆ రోజుల్లో రొయ్య కుబుసం విడిచి మెత్తగా ఉంటుంది. మేత తగ్గిస్తారు, నీళ్ళకు గాలి పట్టించే చక్రాలు ఆపకుండా తిప్పుతారు, వల వేయరు. "రొయ్య స్ట్రెస్‌లో ఉందబ్బా, కదిలించబాకండి" అనే మాట మా తీరంలో బడి మొహం చూడని వాళ్ళ నోట కూడా వినిపిస్తుంది. ఆ మాటను మనిషికి వాడినవాళ్ళను మాత్రం నేను చూడలేదు.

బావ ఒక్కడే మనిషిని అలా చూశాడు. అక్క కూతురిని ఇంటర్‌కు నెల్లూరులో హాస్టల్లో వేశారు. కొన్నాళ్ళకు ఆ పిల్ల తిండి తగ్గించింది. మార్కులు పడిపోయాయి, ఫోన్ చేస్తే ఏడుపు. హాస్టల్ వాళ్ళు పిల్లకు శ్రద్ధ లేదన్నారు. మా అమ్మ దిష్టి తీయించమంది. బావ వెళ్ళి గది చూశాడు. పిల్లలు ఎప్పుడు లేస్తారో, ఎప్పుడు పడుకుంటారో అడిగాడు. పెట్టె సర్దించి, కూతురిని బండెక్కించుకుని ఇంటికొచ్చేశాడు. "నీళ్ళు బాగలేవు" అన్నాడు, అంతే. ఊళ్ళోనే ఉంచి చదివించాడు. ఇప్పుడా పిల్ల నర్సింగు చదువుతోంది.

మరి ఆయన నీళ్ళు ఎవరు చూశారు?

రొయ్య ధర పడిపోయినప్పటి నుంచీ కంపెనీలో మనుషులు తగ్గారు. మానేసినవాళ్ళ చోట కొత్తవాళ్ళను వేయలేదు. వాళ్ళ గుంటలన్నీ బావ మెడకు చుట్టారు. ఇటు అల్లూరు నుంచి అటు చిల్లకూరు దాకా బండి మీద తిరిగేవాడు. అది చాలదన్నట్టు మేత బస్తాల టార్గెట్టు. ప్రతి కట్ట మీదా నిలబడి ఫొటో తీసి గ్రూపులో పెట్టాలి, పెట్టకపోతే వెళ్ళనట్టే. సాయంత్రం ఇల్లు చేరాక ఫోన్‌లో మీటింగు. అందులో అందరూ వింటుండగా పేరు పెట్టి పిలిచి, అమ్మకం ఎందుకు తగ్గిందని నిలదీసేవాళ్ళు. పంట పోయిన రైతు మేత కొనడని ఎవరికి తెలియదు? కొనిపించలేకపోవడం మాత్రం బావ చేతకానితనమైంది.

ఒక మధ్యాహ్నం నేను అక్కావాళ్ళింట్లో ఉన్నాను. బావ పెరుగన్నం కలుపుకుంటుండగా ఫోన్ మోగింది. అలవాటుగా అక్క తీసి "సారు అన్నం తింటా ఉండాడు" అంది. అవతల మేనేజరు. ఏమన్నాడో నాకు వినపడలేదు గానీ అక్క మొహం మాడిపోయింది. ఫోన్ బావకు అందించింది. బావ ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాడు. "సార్... లేదు సార్... ఇకమీదట నేనే ఎత్తుతా సార్" అన్నాడు. మళ్ళీ కూర్చోలేదు. ఆ రోజు నుంచి ఫోన్ జేబులో పెట్టుకుని తినడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకు నిలబడి తినడం మొదలైంది. ఆ తర్వాత చేపల పులుసే వద్దనేశాడు, ముల్లు చూసుకునే తీరిక లేదని. అక్క పెట్టిన అన్నం పళ్ళెంలో మిగలడం నేను చూసింది అప్పుడే.

నిద్ర కరువైంది. బీపీ వచ్చింది. గుండె పట్టేసినట్టు ఉంటే గ్యాస్ అనుకుని మాత్ర మింగేవాడు. కుక్కరు కూత వేస్తే ఉలిక్కిపడి జేబు తడుముకునేవాడు. నన్ను ఏడిపించడం మానేశాడు. అక్క పట్టుబట్టి నెల్లూరు తీసుకెళ్ళి చూపించింది. డాక్టరమ్మ అన్నీ చూసి, "మందులు నేనిస్తాను. విశ్రాంతి నేను ఇవ్వలేను కదా. కొన్ని వారాలు పని పూర్తిగా మానాలి, గుండె మీద భారం పడుతోంది" అని తేటగా చెప్పింది. బావ సెలవు అడిగాడు. "పట్టుబడులు అయిపోనీండి, చూద్దాం" అన్నాడు మేనేజరు. మా తీరంలో వల వేసి రొయ్య పట్టే ఈ పట్టుబడులు అయిపోవడమంటూ ఉందా? ఒక గుంట పట్టేలోగా పక్క గుంటలో పిల్ల వేస్తారు.

"సెలవు ఇయ్యకుంటే మానెయ్ బావా" అన్నాను.

"మానేస్తే పిల్ల చదువు ఎట్టా? అదీగాక రైతులు నన్ను నమ్ముకోనుండారు మే. పున్నం దగ్గరికొస్తా ఉంది. ఇప్పుడు వదిలేసి కూర్చుంటే గుంటలు దెబ్బతింటాయి. ఇది దాటనీ, గట్టిగా అడగతా."

రొయ్య కుబుసం విడిచే రోజులని తన సెలవు తనే వాయిదా వేసుకున్నాడు. ఏ పున్నం దాటితే ఏం, మళ్ళీ అమావాస్య రానే వచ్చేది.

కంపెనీ ఏమీ చేయలేదని అనడానికి లేదు. ఎవరినో పిలిపించి హోటల్లో క్లాసు పెట్టించింది, ఒత్తిడిని ఎలా జయించాలో చెప్పడానికి. కళ్ళు మూసుకుని నిదానంగా గాలి పీల్చమన్నాడట. ఆ క్లాసు కోసం ఆగిపోయిన గుంటలను మర్నాటి గుంటలతో కలిపి తిరగమన్నారు. బావ ఇంటికొచ్చి చెబితే నేను నవ్వాను. బావ నవ్వలేదు. "గాలి పీల్చమన్నాడు మే. గాలి యాడుందో చెప్పలా" అన్నాడు.

బంధువులు మాత్రం తక్కువ తిన్నారా? టెన్షన్ పడబాక అన్నవాళ్ళు, పొద్దున్నే నడవమన్నవాళ్ళు, మెంతులు నానబెట్టి తాగమన్నవాళ్ళు, ఈ రోజుల్లో ఎవరికి లేదు పని అన్నవాళ్ళు. అందరూ రొయ్యకే మందు చెప్పారు. పోయాక రాత అన్నారు. రాత అట, రాత! నడివయసైనా దాటని మనిషి, ఏ దురలవాటూ లేని మనిషి. ఆ రాత రాసినవాళ్ళు నెల్లూరులో ఏసీ గదిలో కూర్చుని ఉన్నారు.

పెద్దకర్మ రోజు కంపెనీ వాళ్ళు వచ్చారు, పూలదండతో, బావ ఫొటో వేసిన పెద్ద ఫ్లెక్సీతో. బావతో పనిచేసిన కుర్రవాళ్ళు కొందరు కంపెనీ టోపీలు చేత్తో పట్టుకుని పందిట్లో ఒక పక్కన నిలబడ్డారు. వాళ్ళ ఏడుపు నిజమైన ఏడుపు. మేనేజరు మైకు తీసుకున్నాడు.

"ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా సెలవు పెట్టని మనిషి. ఎప్పుడు ఫోన్ చేసినా వెంటనే ఎత్తేవాడు. మన టీమ్ అందరికీ ఆయన ఆదర్శం" అన్నాడు.

నా ఒళ్ళు మండిపోయింది. అడిగిన సెలవు ఇవ్వకుండా, సెలవు పెట్టని మనిషని పొగడ్తా? అది వింటున్నది ఎవరు? ఆ టోపీల వాళ్ళు. బావ తిరిగిన గుంటలు రేపటి నుంచి వాళ్ళ మెడకే చుట్టుకుంటాయి. మీరూ ఇలాగే ఉండండి అని వాళ్ళకు పాఠం చెబుతున్నాడు. చచ్చిపోయాక కూడా బావతో పని చేయించుకుంటున్నాడు. నేను లేవబోయాను. ఈలోగా లోపలి గడప దగ్గర అలికిడైంది.

అక్క వచ్చింది. భర్త పోయిన మనిషి ఆ రోజు పదిమందిలోకి రాకూడదని పెద్దవాళ్ళు ఆమెను గదిలో కూర్చోబెట్టారు. మా అమ్మ కొంగు పట్టుకుని ఆపబోతే విడిపించుకుని నేరుగా పందిట్లోకి నడిచింది.

"సెలవు అడిగినాడు సార్. మీరియ్యలా. ఆ మాట కూడా చెప్పండి" అంది.

మేనేజరు ఏదో సర్దిచెప్పబోయాడు. అక్క ఆగలేదు.

"ఆయన తిండి మానేసినాడు. ట్రేలో మేత మిగిలితే ఏ రైతైనా నీళ్ళు చూస్తాడు. మీరు చూడలా. ఆయన పనిమంతుడు, నిజమే. ఆదర్శమని మాత్రం అనబాకండి. ఈ పిలకాయలకి ఆ మాట నేర్పబాకండి సార్."

మేనేజరు మైకు బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. కాసేపటికి, పనుందని మా మావయ్యకు చెప్పి కారెక్కి వెళ్ళిపోయాడు.

భోజనాలకు ఆకులు వేశారు. టోపీల వాళ్ళు వరుసగా కూర్చున్నారు. పప్పు వడ్డించగానే వాళ్ళలో ఒకతని జేబులో ఫోన్ మోగింది. అతను కలిపిన ముద్ద ఆకులోనే వదిలేసి, ఎడమ చేత్తో ఫోన్ తీసి, తల వంచుకుని చూశాడు. టీ తెచ్చిచ్చిన ఆ రైతు నా పక్కనే ఉన్నాడు. వంగిన ఆ తల చూడగానే ఆయన చేతిలోని నీళ్ళ గ్లాసు కింద పెట్టేసి "అబ్బాయా" అని పిలిచాడు.

ఆ కుర్రవాడు లేవబోతుంటే అక్క వెళ్ళి భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. ఫోన్ తను తీసుకుంది. అవతల రైతో, మేనేజరో అడగలేదు.

"సారు అన్నం తింటా ఉండాడు" అంది. "కాసేపాగి చేయండి."

ఫోన్ కొంగులో చుట్టుకుని అతని ఎదురుగా అక్కడే నిలబడింది, అతని ఆకు ఖాళీ అయ్యేదాకా.