మా స్కూలు ఆటోకి కుడివైపు చువ్వలు

మా చిన్నప్పుడు... పొద్దున్న ఏడు కాకుండానే వీధి చివర సత్తిబాబు ఆటో హారన్ మోగేది. ఉప్పలగుప్తం పక్కనున్న మా ఊరి నుంచి అమలాపురంలో ప్రైవేటు హైస్కూలుకి మమ్మల్ని తీసుకెళ్లేది అతనే. నోట్లో చద్దన్నం ముద్ద ఉండగానే పరుగు... ఒక జడ ఇంట్లో, రెండో జడ ఆటోలో.

మా ఊళ్లో హైస్కూలు లేక కాదండోయ్! ఉంది. మా నాన్నగారు అందులోనే లెక్కల మాస్టారు. ఊరి పిల్లలందరికీ తను చెప్తారు, సొంత కూతుర్ని మాత్రం కాలువ గట్టు వెంట అంత దూరం పంపిస్తారు. ఇదేం న్యాయమని అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికుంది...

ఆటోలో వెనక సీటు నిండిపోతే, దానికి ఎదురుగా ఒక చెక్క వేసేవాడు సత్తిబాబు. చెక్క మీద ఒకళ్ల ఒళ్లో ఒకళ్లం. అతనికి అటొకరు, ఇటొకరు. బ్యాగులూ క్యారేజీలూ బయట కొక్కేలకి వేలాడేవి. దూరం నుంచి చూస్తే కొబ్బరి గెల కదిలొస్తున్నట్టే. నవ్వుకునేవాళ్లం... పిల్లలం సరే, పెద్దవాళ్లకీ భయం లేదు.

నా నేస్తం దుర్గ. వాళ్ల నాన్న రొయ్యల చెరువుల మీద కాపలా ఉండేవాడు, అంతకుముందు చేపల వేటకి వెళ్లేవాడు. మొదట్లో దుర్గ మా నాన్నగారి బళ్లోనే చదివేది. లెక్కల్లో దాని చురుకు చూసి ముచ్చటపడి, ఆయనే వాళ్లింటికి వెళ్లి అమలాపురం పంపమన్నారు. వాళ్లమ్మ మంగమ్మగారు గుమ్మం పట్టుకుని నిలబడింది.

"అంత దూరం... ఆడపిల్లండి మాస్టారండీ."

"మా పిల్లతో పాటే వెళ్తుంది, పాటే వస్తుంది. పూచీ నాదమ్మా."

"ఆయ్. తవరు చెప్పేక ఇంకేటుందండి."

దుర్గకి నోరెక్కువ. ఏటి ఒడ్డున పుట్టిన పిల్ల, చేపపిల్లలా ఈదేది. నాకు ఈత రాదని ఒకటే ఎక్కిరింపు. "మాస్టారి కూతురివి కదే! ములిగితే మీ నాన్నారి ఎక్కాలు తేలుత్తాయా నిన్ను?" అనేది. నేను గిల్లేదాన్ని, అది ఇంకా నవ్వేది.

ఒకరోజు ఒక చిన్నపిల్లాడు ఆటోకి కుడివైపు నుంచి రోడ్డు మీదకి దిగిపోయాడు. వెనకే వస్తున్న లారీ వాడి చొక్కా రాసుకుని పోయింది. ప్రాణం గట్టిది, బతికిపోయాడు. సంగతి విని నాన్నగారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. ఆదివారం చర్చి నుంచి ఇంటికి కూడా రాకుండా, సత్తిబాబుని వెంటబెట్టుకుని వెల్డింగు షాపుకి వెళ్లారు. ఆటో వెనక భాగానికి కుడివైపంతా పైనుంచి కిందిదాకా ఇనపచువ్వలు వేయించారు. ఒక్కొక్కటీ తన చేత్తో లాగి చూసి, "ఇంక భయం లేదు" అన్నారు.

తల్లిదండ్రులందరూ ఆయన్ని మెచ్చుకున్నవాళ్లే. మంగమ్మగారైతే గిన్నెడు చేపల పులుసు పంపించింది.

ఆ ఏడు వానాకాలం... కాలువలు గట్లకి సమంగా పారుతున్నాయి. పొద్దున్నే ఎదురుగా రొయ్యల లారీ వస్తోంది. సత్తిబాబు పక్కకి తప్పుకున్నాడు. నానిపోయిన గట్టు అంచు కుంగింది. ఆటో ఎడమవైపుకి ఒరిగి కాలువలో పడిపోయింది.

మేము దిగే వైపు కింద బురదలో పడింది. పైకి ఉన్న వైపు చువ్వలు...

నేను ముందు, సత్తిబాబు పక్కన ఉన్నాను. ఎవరో జడ పట్టి లాగేశారు. వెనకవాళ్లని ముందువైపు నుంచే ఒకళ్ల తరవాత ఒకళ్లని లాగారు. దుర్గ అందరికన్నా లోపల, చువ్వల పక్కన ఉంది. చేలల్లోంచి మగవాళ్లు పరుగెత్తుకొచ్చి కాలువలోకి దూకేశారు. నీళ్ల కింద చువ్వల మధ్య నుంచి దాని చెయ్యి వాళ్లకి అందింది. మనిషి రాలేదు. తాళ్లు తెచ్చి ఆటోని లేపేసరికి అయిపోయింది.

గట్టు మీద పడుకోబెట్టారు. కొందరు దేవుడి చిత్తం అన్నారు, కొందరు గ్రహచారం అన్నారు. ఆ మాటలు వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నాన్నగారు వచ్చి నిలబడ్డారు. మంగమ్మగారు తిట్టలేదు, శపించలేదు. కూతురి తల ఒళ్లో పెట్టుకుని, బడికి రాని పిల్ల గురించి మాస్టారికి నచ్చజెప్తున్నట్టు నెమ్మదిగా అంది...

"మా దుర్గకి ఈతొచ్చండి మాస్టారండీ. ఆ చువ్వలే లేపోతే వచ్చేసునండి."

తల వంచుకుని నాన్నగారు అన్నారు... "ఆయ్. వచ్చేసునమ్మా."

అంతే. ఆ తరవాత నన్ను తన బళ్లోనే చేర్చుకున్నారు. ఊళ్లో ఎవరేం సలహా అడిగినా "నన్నడక్కండి బాబూ" అనేవారు. ఆయన పోయేదాకా అదే మాట. మంచి చెయ్యబోయిన మనిషికి అంత శిక్షేంటని ఎన్నిసార్లు ఏడ్చానో... మళ్లీ మంగమ్మగారు గుర్తొచ్చేది, ఏడవడానికి సిగ్గేసేది.

ఇప్పుడు పసుపుపచ్చ స్కూలు బస్సులొచ్చాయి. బస్సు ఎక్కడుందో ఫోన్లో కనిపిస్తుంది. గట్టు రోడ్డు కొంత వెడల్పయింది. కానీ మొన్న ఊరెళ్తే, అదే దారిలో పిల్లల్ని కుక్కుకుని పోతున్న ఆటో చూశాను... లోపల చెక్క కూడా వేసి ఉంది. పిల్లలు నవ్వుతున్నారు. నా వల్ల కాలేదు, మొహం తిప్పేసుకున్నాను.

మీరంతా బడికి దేంట్లో వెళ్లేవారు... ఆటోనా, పడవా, సైకిలా? చెప్పండి, చదువుతాను. మీతో ఎక్కి, మీతో దిగనివాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల పేరు కూడా రాయండి. మా దుర్గది నా ఈడే. ఉంటే ఈపాటికి దానికీ బడికెళ్లే పిల్లలుండేవారు.