విమానానికి ఇరవై ముడులు

మా సాంబయ్య కాక గోదావరిఖనిలో ముప్పై ఏళ్లుగా బొగ్గు లారీలకు టార్పాలిన్లు కుడుతున్నాడు. ఈ రోజు బసంత్‌నగర్‌లో రన్‌వే పక్కన ఆగి ఉన్న ఓ చిన్న విమానానికి ఆయన కుట్టిన కవరు తొడగడానికి నేనూ వెళ్లాను. ముక్కు, రెక్కలు, తోక అన్నీ అతికినట్టు సరిపోయాయి. కాక మాత్రం లారీకి కట్టినట్టే తాళ్లు బిగించి, ఇరవై ముడులేశాడు.

"ఇగ ఎంత స్పీడుల పోయినా ఊడది సారూ!"

పైలట్ బిత్తరపోయాడు. "కాకా, ఇది ఆగినప్పుడు కప్పేది. ఎగిరేటప్పుడు తీసేస్తం."

"మరి దుమ్ము?"

"పైన దుమ్ముండది."

కాక ఆయన్ని జాలిగా చూశాడు. "సారు రామగుండం కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాల మీదికెల్లి ఎన్నడు పోనట్టున్నరు."

ముడులన్నీ విప్పింది నేను. ఇద్దరిలో ఎవరిది రైటో తీర్పు మాత్రం మీరే చెప్పండి.