తిరగేసి గీసిన చెయ్యి

యతిరాజులు చదువు పల్లె వీథిబడిలో అయిదో తరగతితో ఆగింది. అయితేనేం, ఇరవై మూడు పంచాంగాలకు నవగ్రహాలు, లెక్కలేనన్ని హరికథ పుస్తకాలకు దేవుళ్లు, సబ్బుపెట్టెల మీద చిలకలు, అన్నీ చెక్క అచ్చుల మీద ఆయన చెక్కినవే. చెన్నపట్నంలో ఆయన బొమ్మ చూడని కన్ను లేదు. ఒక్కదాని కిందా ఆయన పేరు మాత్రం లేదు.

1954లో, అరవై దాటాక, ఆ లోటు తీరే వేళ వచ్చింది. పురసవాక్కంలో పుస్తకాలు ప్రచురించే కామేశం ఒక పాత ప్రబంధానికి పన్నెండు బొమ్మలు గీయమని, కింద సంతకం కూడా చేయమని అడిగాడు. ఈసారి చెక్క లేదు. కాగితం మీద గీసిస్తే ఫొటో తీసి, జింకు రేకు మీద బ్లాకు చేస్తారు.

మొదటి బొమ్మ అచ్చు చూసి కామేశం నెత్తి పట్టుకున్నాడు.

"ఏవిటండీ యతిరాజులు గారూ! నాయిక ఎడంచేత్తో వీణ మీటుతోంది. పైట కుడిభుజం మీదుంది. ఆ కింద గీతలేవిటి, చీమలు పాకాయా?"

"నా సంతకం" అన్నాడు యతిరాజులు.

చెక్క మీద తిరగేసి చెక్కితేనే కాగితం మీద సరిగ్గా పడుతుంది. నలభై ఏళ్లు అలా పనిచేసిన చెయ్యి కాగితం మీదా తిరగేసే గీసింది, పేరుతో సహా, పన్నెండింటికి పన్నెండూ.

"ఇక వ్యవధి లేదండీ. కోడంబాక్కంలో సినిమా పోస్టర్ల ఆర్టిస్టుకు ఇచ్చేస్తాను."

"ఇస్తువులే నాయనా. ముందు ఆ బ్లాకులు చేసేకాడికి నన్ను తీసకపో. ఆడ ఏం జరగతా ఉందో నా కంటితో చూడాల."

బ్లాకులు చేసే ఆరోగ్యసామి అదే బొమ్మను మళ్లీ కెమెరా ముందు పెట్టి చూపించాడు. వెనక గాజులో నాయిక తలకిందులుగా వేలాడుతుంటే యతిరాజులు మెడ వంచి, నడుం వంచి, అడిగిందే అడిగాడు. తరవాత ఆరోగ్యసామి నెగెటివు పలకను నీళ్లలో నానబెట్టి, దాని మీది పొరను ఉల్లిపొరలా ఒలిచి, బోర్లించి మరో గాజు మీద పరిచాడు.

"అదేందిపా, ఎందుకు తిప్పినావు?"

"తిప్పకపోతే అచ్చులో కుడి ఎడమవుతుంది పెద్దాయనా. ప్రతి బొమ్మకూ ఇదే పాట్లు. చిరిగిందా, మళ్లా మొదటికే!"

యతిరాజులు పకపకా నవ్వాడు. "ఓరి నీ! ఆ పని నా చెయ్యి ముందే చేసి పెట్టింది కదరా! నా బొమ్మలు తిప్పబాక. ఉన్నదున్నట్టు వెయ్యి."

ఆరోగ్యసామి కామేశం వైపు చూశాడు. "ఒక్కటి వేసి చూడు" అన్నాడు కామేశం.

సాయంత్రానికి నాయిక కుడిచేత్తో వీణ మీటింది. కామేశం తక్కిన పదకొండూ ఆరోగ్యసామి చేతిలో పెట్టాడు.

యతిరాజులు ఆ అచ్చు కాగితాన్ని ఇంటికి తెచ్చి భార్య అలమేలుకు ఇచ్చాడు. సంగతంతా విని ఆమె మూతి తిప్పింది.

"తిరగేసి గీస్తా ఉండావే అని నేనాపొద్దే అన్నా. నాకే పని నేర్పతావా అని కసిరినావు."

"ఆ పాట ఇప్పుడెందుకు? బొమ్మ కింద చూడు."

అలమేలు కాగితం కళ్ల దగ్గరకు తెచ్చుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. "య... తి... రా... జు... లు."

"మళ్లా చదువు" అన్నాడాయన.