గోదావరి దాటిన రెండు సీట్ల కారు

నిన్న పొద్దున నేనుంటున్న వర్కింగ్ విమెన్ హాస్టల్ మెట్ల మీద ఎవరిదో చెప్పు ఒకటి బోర్లా పడి ఉంది. వంగి దాన్ని సరిగ్గా పెడుతుంటే ఫోన్ మోగింది.

అమ్మ.

"సూరి మామయ్య పోయాడే" అంది.

ఏ సూరి మామయ్య అని అడిగాను.

నాకున్నది ఒక్క సూరి మామయ్యే.

హార్ట్ ఎటాక్. హాస్పిటల్‌కి తీసుకెళ్ళే టైమ్ కూడా ఇవ్వలేదట.

నాకు నలుగురిలో మాట్లాడటం రాదని మీ అందరికీ తెలుసు. నిన్న ఇంటికి వచ్చినవాళ్ళతో ఒక్క మాట కూడా అనలేకపోయాను. అందుకే ఇక్కడ, మన ఊరి గ్రూపులో రాస్తున్నాను.

మామయ్య అమ్మకి తమ్ముడు. అమలాపురం గడియారస్తంభం సెంటర్లో స్పోర్ట్స్ కార్ల షోరూం పెట్టిన మనిషి.

మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. తొంభైల చివర. ఆ సెంటర్లో షాపు దొరకడమే గగనం. నగల కొట్టో, బట్టల కొట్టో అయితేనే ఆ అద్దెకి తట్టుకుంటుంది. మామయ్య కువైట్‌లో సంపాదించిందంతా తెచ్చి అక్కడ పెట్టాడు. రోడ్డు వైపంతా నిలువెత్తు అద్దం బిగించాడు.

"ఒరేయ్, ఇద్దరే పట్టే కారు ఎవడు కొంటాడ్రా? మనూళ్ళో ఆటోలోనే పది మంది ఎక్కుతారు" అంది అమ్మ.

"కువైట్‌లో అద్దాల వెనకున్న కార్లు తుడిచి తుడిచి వచ్చేనక్కా. ఒక్కసారి నా అద్దం వెనక నా కారు నిలబడాలి."

మన దేశంలోనే తయారైన చిన్న స్పోర్ట్స్ కారు అది. ఓపెనింగ్‌కి కంపెనీ ఆఫీసర్ వచ్చాడు. షోరూంలో కారుని కళ్ళతో చూశాకే డీలర్‌షిప్ మీద సంతకం పెడతానన్నాడు. మధ్యాహ్నానికి వెళ్ళిపోతానన్నాడు. కాకినాడలో ఇంకొకాయన ఆ డీలర్‌షిప్ కోసం సిద్ధంగా ఉన్నాడు.

షోరూం ఉంది. ఆఫీసర్ ఉన్నాడు. కారు లేదు.

కొత్తపేట దారిలో కల్వర్టు కుంగి రోడ్డు మూసేశారు. లారీ డ్రైవర్ కారుని రామచంద్రపురంలో దింపేసి వెళ్ళిపోయాడు.

నేను అప్పుడు రామచంద్రపురంలోనే కాన్వెంట్ హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్నాను. రిబ్బన్ నేనే కట్ చేయాలని మామయ్య పట్టు. పొద్దున్నే వచ్చి సిస్టర్ దగ్గర పర్మిషన్ అడిగి, యూనిఫాంలోనే కారెక్కించుకున్నాడు. ఇద్దరం కోటిపల్లి రేవుకి వెళ్ళాం. అక్కడ గోదావరి దాటితే ముక్తేశ్వరం. అక్కణ్ణుంచి అమలాపురం దగ్గరే.

దాటాలంటే పంటు ఎక్కాలి. రెండు పడవలు కలిపి, పైన చెక్కలు పరిచి, మనుషుల్నీ బళ్ళనీ అవతలికి చేరవేసేది.

"ఇదేం కారండీ సూరిబాబుగారూ, కప్ప కూర్చున్నట్టుంది" అన్నాడు పంటు నడిపే వెంకన్న.

"కప్పేనండీ. కాపోతే గెంతదు. మీరే మెల్లిగా ఎక్కించాలి."

"ఆయ్, ఎక్కిద్దారండి."

బల్లల మీదుగా ఎక్కుతుంటే కారు పొట్ట చెక్కకి గీసుకున్న చప్పుడు. మామయ్య పళ్ళు బిగించాడు.

నది మధ్యకి వచ్చాక తెలిసింది, హ్యాండ్ బ్రేక్ పట్టడం లేదని. గేర్‌లో ఉంచినా, పంటు ఊగినప్పుడల్లా కారు కాస్త కాస్త ముందుకి జరుగుతోంది. ముందు టైర్లకీ నీళ్ళకీ మధ్య ఉన్నది ఒక తాడు.

మామయ్య బ్రేక్ తొక్కి పట్టుకున్నాడు.

"అమ్మలూ, నువ్వు దిగి అటెళ్ళి పుస్తకం చదువుకో."

దిగాను. స్కూల్ బ్యాగ్‌లోంచి పుస్తకం తీసి తెరిచాను. నా వేలు ఒకే లైను మీద ఉండిపోయింది.

అప్పుడు పంటు ఇసుక మేటకి కొట్టుకుంది.

అందరం తూలిపోయాం. ఎవరిదో కొబ్బరికాయల బుట్ట దొర్లి, కాయలు ఒక్కొక్కటే నీళ్ళలో పడ్డాయి. బ్రేక్ తొక్కే ఉన్నా కారు జారి తాడుకి ఆనింది. తాడు బిగుసుకుంది.

"దిగిపోండి బాబూ! కారు పోతే పోయింది!" వెంకన్న అరిచాడు.

"పోతే పోయిందంటారేంటండీ! అక్కడ అద్దం బిగించేసేను!"

ఎవరో నవ్వేశారు. మామయ్య కూడా నవ్వాడు.

డోరు కిటికీలోంచి నాకు ఆయన మోకాలు కనపడింది. కుట్టుమిషన్ తొక్కుతున్నట్టు వణుకుతోంది.

మగవాళ్ళంతా వెనక్కి వెళ్ళి బంపర్ పట్టుకున్నారు. వెంకన్న మనుషులు పొడవాటి వెదురు గెడలు దించి పంటుని మేట మీంచి నెట్టారు. ముక్తేశ్వరం రేవు వచ్చేదాకా మామయ్య బ్రేక్ మీంచి కాలు తియ్యలేదు.

మేం చేరేసరికి ఆఫీసర్ బ్యాగ్ భుజాన వేసుకుని షోరూం మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

కారుని చూశాడు. బ్యాగ్ కింద పెట్టాడు.

రిబ్బన్ నేనే కట్ చేశాను. మామయ్య నా చేతి మీద తన చెయ్యి వేశాడు.

షోరూం ఎక్కువ కాలం నడవలేదు. కారు కొన్నవాళ్ళకంటే పక్కన నిలబడి ఫోటో దిగినవాళ్ళే ఎక్కువ. కొత్త జంటలు, ఉప్పలగుప్తం నుంచి వచ్చే రొయ్యల చెరువుల వాళ్ళు, ఒకసారి మా క్లాసు మొత్తం. మామయ్య ఎవర్నీ వద్దనలేదు. "తలుపు మెల్లిగా వెయ్యండమ్మా" అనేవాడు, అంతే. తర్వాత ఆ కంపెనీ కార్లు చేయడమే మానేసింది.

ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల షాపు. అద్దం మాత్రం అదే. నిన్న బస్సు దిగి, ఇంటికి వెళ్ళే ముందు దాని ఎదురుగా కాసేపు నిలబడ్డాను.

మామయ్యా,

ఇక బ్రేక్ మీంచి కాలు తియ్యి.

రేవు వచ్చేసింది. ప్రశాంతంగా పడుకో.

నిన్న అమ్మ చెప్పింది.

మామయ్యకి ఈత రాదు.